బుధవారం మేడం

కస్టమర్ గొంతు పెంచినకొద్దీ తిరుపతమ్మ గొంతు తగ్గిపోయేది. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీది ఓ నాలుగంతస్తుల బట్టల షోరూములో రెండో అంతస్తు, అంటే పట్టుచీరల సెక్షను మొత్తం, ఆమె చేతిలో ఉండేది. నలభైమంది సేల్స్ గర్ల్స్. ముహూర్తాల రోజుల్లో మెట్ల మీద కూడా జనమే. అంత సందడిలోనూ చెవి వెనక పెన్ను పెట్టుకుని, తాపీగా తిరిగే నలభై ఆరేళ్ల మనిషి ఆమె. ఎక్కడైనా అరుపు వినపడితే అటు నడిచేది. కాసేపటికి అక్కడ ఫ్యాను చప్పుడు వినపడేది.

2022లో, దసరాకి ముందు, ఒక మధ్యాహ్నం ఆ అరుపు శేషారత్నంగారిది.

"ఇదేనామ్మా మీ పట్టు? గృహప్రవేశానికి కట్టుకుని పీటల మీద కూర్చుంటే చెమటకే రంగు దిగిపోయింది. జాకెట్టంతా మెరూనే! మా వియ్యపురాలి ముందు తలెత్తుకోలేకపోయాను."

తిరుపతమ్మ ఆవిడకి స్టూలు వేసింది, మంచినీళ్లిచ్చింది, పక్కనే ఇంకో స్టూలు మీద తనూ కూర్చుంది. ఏడెనిమిది నిమిషాలు మధ్యలో ఒక్క మాట అడ్డు చెప్పకుండా విన్నది. ఆ తర్వాత చెవి వెనక పెన్ను తీసి ఒక పాత బిల్లు వెనక రాసి, పైకి చదివింది.

"ఒక్కసారి సదువుతా ఇనుండ్రి అమ్మా. చీర పోయిన నెల పదకొండున తీసుకున్నరు. ఒక్కసారే కట్టిండ్రు. ఉతకలే. కొంగు రంగు జాకెట్‌కు అంటింది. వియ్యపురాలు చూసింది. ఇంకేమన్న మరిచిన్నా?"

శేషారత్నంగారు కొంచెం ఆలోచించారు. "చూడ్డమే కాదమ్మా, నవ్వింది కూడా."

తిరుపతమ్మ అదీ రాసుకుంది. రాసుకున్నాక నెమ్మదిగా చెప్పింది: "పైసలు వాపస్ ఇచ్చుడు నా చేతుల లేదు. చీరను నేసినోళ్ల కాడికి పంపి రంగు పక్కా చేపిచ్చుడు నా చేతుల ఉన్నది. గురువారం నాలుగింటికి ఫోన్ జేసి సంగతి చెప్తా."

ఇదంతా కొంచెం దూరంలో, భార్యల కోసం ఎదురుచూసే భర్తలకు వేసిన సోఫాలో కూర్చుని, పేపరు చాటు నుంచి ఒకాయన చూస్తున్నాడు. ఆయన గంగాధరరావు, శేషారత్నంగారి భర్త. పెద్ద అంబర్‌పేట్ దాటాక హైవే పక్కన ఉన్న ఒక ఎంబీఏ కాలేజీకి డైరెక్టరు. గురువారం సరిగ్గా నాలుగింటికి ఇంట్లో ఫోను మోగితే ఆయనే స్పీకరు పెట్టాడు.

"అమ్మా, చీర ఇంక రాలే. సోమవారం అంటున్నరు. గురువారం చెప్తా అన్న గద, అందుకే ఫోన్ జేసిన."

సోమవారం చీర వచ్చింది. శేషారత్నంగారు శాంతించారు. గంగాధరరావుకి మాత్రం ఆ గురువారం ఫోను బుర్రలోంచి పోలేదు. పని అయిందని చెప్పడానికి ఫోను చేసేవాళ్లని ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో బోలెడుమందిని చూశాడాయన. కాలేదని చెప్పడానికి, అదీ చెప్పిన టైముకి చేసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా తగల్లేదు. ఆ వారమే మళ్లీ షోరూముకొచ్చాడు, ఈసారి ఒక్కడే.

"మా పిల్లలకి మార్కెటింగు సూత్రాలన్నీ వచ్చమ్మా. సెలవు చీటీ రాయడం రాదు. ఇంటర్వ్యూకి వెళ్తే మొదటి రౌండులో బ్రహ్మాండంగా మాట్లాడతారు, రెండో రౌండులో 'మీ టీములో ఒకడు పని చెయ్యకపోతే ఏం చేస్తావు' అని అడిగితే నీళ్లు నములుతారు. మీరొచ్చి ఒక గంట మాట్లాడాలి."

"సార్, నేను ఎంబీఏ సదువలే."

"అందుకే పిలుస్తున్నాను."

తిరుపతమ్మ చదివింది నకిరేకల్ దగ్గర ఊళ్లో ఇంటర్ దాకా. లిఫ్టు మెకానిక్ లింగస్వామిని పెళ్లి చేసుకుని కొత్తపేటకు కిరాయి ఇంటికి వచ్చింది. పాప పుట్టాక ఇదే షోరూములో విప్పిన చీరలు మడతపెట్టే పనిలో చేరింది. మడతలు పెడుతూనే కౌంటరు పని నేర్చుకుంది, కౌంటరు మీద నుంచి సెక్షనుకొచ్చింది, నడుమ ఎప్పుడో దూరవిద్యలో బీకాం కూడా అయిందనిపించింది. ఆ పాపకి పెళ్లయి వరంగల్‌లో ఉంటోంది. ఇరవై ఒక్క ఏళ్ల సర్వీసులో తిరుపతమ్మ మైకులో చెప్పిన మాటలు రెండే: ఆషాఢం ఆఫర్లు, తప్పిపోయిన పిల్లల పేర్లు.

"కాలేజీల పాఠమా?" అన్నాడు లింగస్వామి, విషయం విని. "వారానికి ఒక్క సెలవు నీకు. అండ్ల గూడ పని గురించే మాట్లాడతవా? నా గిరాకీలే నయం. ఇరుక్కున్నప్పుడే పిలుస్తరు."

"వీళ్లు గూడ ఇరుక్కున్నట్లే ఉన్నరయ్యా," అంది తిరుపతమ్మ.

*

మొదటి క్లాసు ఘోరంగా పోయింది.

కాలేజీ అంటే స్లైడ్లుండాలని ఆమెకి ఎవరో చెప్పారు. షోరూములో కంప్యూటర్ల దగ్గర కూర్చునే శ్రీనివాస్‌ని బతిమాలి ముప్ఫై రెండు స్లైడ్లు చేయించుకుంది. అన్నీ ఇంగ్లీషులో, బాణం గుర్తులతో. వాటిని ఒక్కొక్కటిగా చదవడం మొదలుపెట్టింది. నలభైమంది సేల్స్ గర్ల్స్‌ని కళ్లతో నడిపే మనిషి, అరవైమంది పిల్లల ముందు గోడ వైపు తిరిగి చదువుతోంది. ఆరో స్లైడు దగ్గర రెండో వరసలోంచి ఒక కుర్రాడు లేచాడు. పేరు శ్రీకర్. తండ్రికి కొత్తపేటలో కోచింగ్ సెంటరుంది. మాట తీరు బాగుంటుంది, చొక్కా మడతలూ బాగుంటాయి.

"మేడం, ఈ స్లైడ్స్ మాకు పంపేస్తారా? మేం చదువుకుంటాం."

క్లాసంతా తలలొంచుకుని నవ్వింది. తిరుపతమ్మకి కూడా నవ్వొచ్చింది, ఎందుకంటే ఆ మాట ఆమె రోజుకి ఇరవైసార్లు వింటుంది. 'కింద ఫ్లోర్ కూడా చూసొస్తాం' అని లేచిపోయే గిరాకీ అనే మాటే అది. వాళ్లు మళ్లీ రారు.

ఆమె లాప్‌టాప్ మూసేసింది.

"నీ పేరేంది నాయనా? శ్రీకరా? ఇటు రా. నువ్వు నా ఇన్‌ఛార్జివి. నేను నీ కింద సేల్స్ గర్ల్‌ను. మూడు రోజుల సంది లేటొస్తున్న. మాట్లాడు నాతోని."

శ్రీకర్ నిటారుగా నిలబడి గొంతు సవరించుకున్నాడు. "చూడండి, మీ పంక్చువాలిటీ విషయంలో మేనేజ్‌మెంటు సీరియస్‌గా ఉంది. రేపు కూడా లేటైతే సగం రోజు జీతం కట్."

"సరే సార్," అంది తిరుపతమ్మ తలొంచుకుని.

శ్రీకర్ క్లాసు వైపు తిరిగి చేతులు చాపాడు. చప్పట్లు పడ్డాయి.

"అయిపోయిందా?" అంది ఆమె. "రేపు నేను రాను. ఎదురుంగ షోరూముల చేరిన. నన్నే అడుక్కుంట ఒచ్చే పాత గిరాకీ గూడ నా ఎంబడే ఒచ్చింది. ఇప్పుడేం జేస్తవు?"

అప్పుడు ఆఖరి బెంచీ నుంచి ఒక చెయ్యి సగం లేచింది. ఆ అమ్మాయి జ్యోతిక. చౌటుప్పల్ అవతల పల్లెటూరు, దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టలు. ఇంగ్లీషులో అడుగుతారేమోనన్న భయంతో మొదటి సెమిస్టరంతా ఆఖరి బెంచీలోనే గడిపేస్తోంది.

"నేనొకసారి అడగనా మేడం?"

"అడుగు బిడ్డా."

"ఎందుకు లేటయితుందక్కా?"

తిరుపతమ్మ ఆ పిల్ల వైపు తిరిగింది. "మా బాబు బడి తొమ్మిదిన్నరకు తెరుస్తరు. తోలి ఒచ్చేసరికి లేటయితుంది."

"అయితే నువ్వు పదిన్నరకు రా. సాయంత్రం ఒక గంట ఎక్కువుంటవా? బాబును తెచ్చుకునేటోళ్లు ఎవరన్న ఉన్నరా?"

"మా ఆయన తెస్తడు. ఉంటా."

"ఇంతే," అంది తిరుపతమ్మ క్లాసు వైపు తిరిగి. "ఇది నిజంగ జరిగింది. గట్ల లేటొచ్చిన ఆమె ఇప్పుడు మా గ్రౌండ్ ఫ్లోర్ ఇన్‌ఛార్జి. ఆ రోజు నేను గూడ ఫస్టు శ్రీకర్ లెక్కనే జీతం కట్ అనబోయిన. నోటి దాక ఒచ్చి ఆగింది."

గంట కొట్టినా ఎవరూ లేవలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ గంగాధరరావు అప్పటికప్పుడే అడిగాడు, ప్రతి బుధవారం రాగలరా అని. బుధవారం ఆమె వీక్లీ ఆఫ్.

*

అలా ఆమె బుధవారం మేడం అయింది. పుస్తకం లేదు, సిలబసుండాలి కాబట్టి గంగాధరరావు ఏదో ఒకటి టైపు చేయించాడు. ఆమె మాత్రం పనులిచ్చేది. కోపంగా ఉన్న మనిషికి ఫోను చెయ్యాలి. సెలవు అడుగుతూ మెసేజి పెట్టాలి, అవతలి వాళ్లు తిరిగి ఒక్క ప్రశ్న కూడా వెయ్యాల్సిన అవసరం రాకూడదు. తెలియని విషయం తెలియదని మర్యాద పోకుండా చెప్పాలి. క్లాసులో 'చూద్దాం మేడం', 'ట్రై చేస్తాం మేడం' అన్నవాళ్లు లేచి నిలబడి ఎప్పటికి చేస్తారో చెబితే గాని కూర్చోకూడదు. మొదట్లో సగం క్లాసు నిలబడే ఉండేది.

పెళ్లిళ్ల సీజనులో పిల్లల్ని ఆరుగురేసి చొప్పున షోరూముకి పిలిపించుకుంది. ఒక్కో కుటుంబం పదిమందిగా వస్తుంది. వాళ్లలో చీర ఎవరికి నచ్చితే బేరం కుదురుతుందో కనిపెట్టమంది. అందరూ పెళ్లికూతురన్నారు, కొందరు తల్లి అన్నారు. ఒక్క చీర కూడా ముట్టుకోకుండా స్తంభం పక్కన కూర్చుని సెల్లు చూసుకుంటున్న మేనత్తని చూపించింది జ్యోతిక. "చీర ఇప్పినప్పుడల్ల అందరు ఆమె మొఖమే చూస్తున్నరు మేడం." ఆ రోజు నుంచి జ్యోతిక రెండో బెంచీకి వచ్చేసింది.

అన్నీ బాగానే ఉన్నాయనుకుంటున్న సమయంలో బస్సు గొడవ వచ్చింది.

కాలేజీ బస్సు దిల్‌సుఖ్‌నగర్‌లో బయల్దేరి, కొత్తపేట మీదుగా ఎల్బీ నగర్ మెట్రో దగ్గర పిల్లల్ని ఎక్కించుకుని, హైవే పట్టుకుని కాలేజీకి వెళ్తుంది. రోజూ ఇరవై నిమిషాలు లేటు. మొదటి పీరియడు రోజూ గల్లంతు. పిల్లలు ఆ సంగతి బుధవారం మేడం దగ్గర మొత్తుకున్నారు.

"ఇంకేం గావాలె?" అంది తిరుపతమ్మ. "మీ బస్సే మీ కంపెనీ. సక్కబెట్టుండ్రి. రెండు వారాలు టైము."

రెండు వారాల తర్వాత శ్రీకర్ బృందం డైరెక్టరుగారి గదిలో తెర దించి పద్దెనిమిది స్లైడ్లు చూపించింది. సమస్యకి కారణాలు వెతికే చేపముల్లు బొమ్మ ఒకటి ఉంటుంది. ముల్లు ముల్లుకీ ఒక కారణం, తలకాయ దగ్గర సమస్య పేరు. వీళ్లు ఆ తలకాయలోనే ఎర్ర అక్షరాలతో 'డ్రైవరు అంతయ్య నిర్లక్ష్యం' అని రాశారు. ఆ గదిలో అంతయ్య కూడా ఉన్నాడు. బస్సు సంగతి కదాని గంగాధరరావే పిలిపించాడు.

అంతయ్యకి యాభై ఐదేళ్లు. కాలేజీ బస్సుకి ముందు పదేళ్లు లారీ నడిపాడు. ఆయన తెర మీద తన పేరు చదువుకున్నాడు. తర్వాత జేబులోంచి తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ముప్పై ఏండ్ల సంది బండి నడుపుతున్న సార్. చేప తలకాయల నా పేరు చూసుడు ఇదే ఫస్టు," అని వెళ్లిపోయాడు.

మర్నాడు బస్సు లేదు. ఆ మర్నాడూ లేదు. పిల్లలు ఎల్బీ నగర్‌లో ఊళ్లకు పోయే బస్సుల్లో వేలాడుతూ కాలేజీకి చేరారు. మొదటి పీరియడే కాదు, రెండోదీ పోయింది. సంగతి విన్న తిరుపతమ్మ షోరూములో సగం రోజు సెలవు పెట్టి శుక్రవారం కాలేజీకి వచ్చింది. ఆమె తిడుతుందని అందరూ సిద్ధపడి ఉన్నారు.

"తప్పు నాది," అంది ఆమె. "పని చెప్పి ఒదిలేసిన. నడుమ ఒక్కసారన్న ఏం రాస్తున్నరో చూడాల్సింది. గిది షోరూముల ఎన్నడు చెయ్యలే, ఇక్కడ చేసిన." తర్వాత శ్రీకర్‌ని అడిగింది: "మీరు అంతయ్యను అడిగిండ్రా, ఎందుకు లేటయితుందని?"

శ్రీకర్ ముఖం ఎర్రబడింది. మొదటి రోజు క్లాసులో జ్యోతిక అడిగిన ప్రశ్న అది. ఆరు నెలల కిందటే నోట్సులో రాసుకున్నాడు కూడా.

ఆ సాయంత్రమే తిరుపతమ్మ, శ్రీకర్, జ్యోతిక హయత్‌నగర్‌లో అంతయ్య ఇంటికి వెళ్లారు. ఆయన అరుగు మీద కూర్చుని గోంగూర ఆకు తుంచుతున్నాడు. శ్రీకర్ దారంతా ఇంగ్లీషులో తయారుచేసుకున్న క్షమాపణ అక్కడికి వెళ్లేసరికి గుర్తురాలేదు.

"ముందు మీ దగ్గరికి రావాల్సింది అంకుల్. రాకుండా రాసేశాం. అందరి ముందూ పెట్టేశాం. తప్పయిపోయింది."

అంతయ్య ఇంకో నాలుగు ఆకులు తుంచాడు. "సారీ నాకెందుకు బిడ్డా? సోమవారం ఎనిమిది గంటలకు ఫస్టు స్టాపు కాడికి రా. నా పక్క సీట్ల కూసో. కాలేజీ దాక చూడు. గప్పుడు గీయి నీ చేప."

వారం రోజులు శ్రీకర్, జ్యోతిక ముందు సీటులో కూర్చున్నారు. ఎల్బీ నగర్ దాకా బస్సు గడియారంలా వచ్చేది. అక్కడ ఫ్లైఓవరు కింద రెండు నిమిషాలు ఆపితే ట్రాఫిక్ కానిస్టేబులు విజిలేసేవాడు. మెట్రో దిగాల్సిన పిల్లలు కొందరు అప్పటికి రారు. వాళ్లని వదిలెయ్యలేక అంతయ్య బస్సుని ముందుకు తీసుకుపోయి, యూటర్ను తీసుకుని, మళ్లీ తిప్పుకుని వచ్చేవాడు. ఒక్కో చుట్టుకి తొమ్మిది నిమిషాలు. రోజుకి రెండు చుట్లు. ఎవరి కోసం ఈ చుట్లు అని చూస్తే, మెట్రో మెట్ల కింద టీ తాగుతూ నిలబడే ఏడుగురి గుంపు. జ్యోతిక ఆ ఏడుగురి పేర్లు రాసి కాగితం శ్రీకర్ చేతిలో పెట్టింది. ఈ వారం బస్సులో కూర్చున్నాడు గాని, ఏడో పేరు అతనిదే. ఇల్లు కొత్తపేటలోనే అయినా, స్నేహితుల కోసం రోజూ ఎల్బీ నగర్ దాకా మెట్రోలో వచ్చి మరీ టీ తాగేవాడు.

"నా పేరు కొట్టెయ్యవా?" అన్నాడు శ్రీకర్, సగం నవ్వుతూ.

"కొట్టేస్తే అంతయ్య బాబాయి పేరు మళ్ల రాయాలె మరి," అంది జ్యోతిక.

రెండోసారి స్లైడ్లు లేవు. అరపేజీ కాగితం. ఎల్బీ నగర్ స్టాపుని కొంచెం ముందుకి, చింతల్‌కుంట దగ్గర సర్వీసు రోడ్డు వెడల్పుగా ఉన్నచోటికి మార్చాలి. ఎనిమిదీ ఇరవైకి బస్సు కదలాలి, ఎవరికోసమూ ఆగకూడదు. ఈసారి ఆ కాగితం ముందు అంతయ్యకి చదివి వినిపించారు. ఆయన ఒక్కటి మార్పించాడు: "ఇరవై కాదు, ఇరవై ఐదు పెట్టుండ్రి. ఆడపిల్లలు మెట్రో దిగి నడిచి రావాలె గద." గంగాధరరావు రెండు నిమిషాల్లో సంతకం పెట్టాడు.

కొత్త స్టాపు మొదటి రోజు బస్సు సరిగ్గా ఎనిమిదీ ఇరవై ఐదుకి కదిలింది. ముగ్గురు వెనక పరిగెత్తారు. అందులో ఇద్దరు విద్యార్థులు, ఒకరు స్టాటిస్టిక్స్ లెక్చరరు. అంతయ్య ఆగలేదు. మర్నాటి నుంచి లెక్చరరుగారే అందరికంటే ముందొచ్చి నిలబడేవారు.

*

2023 వేసవిలో కాలేజీకి తనిఖీ వచ్చింది. వచ్చినవాళ్లు మర్యాదస్తులే. క్లాసు విన్నారు, మెచ్చుకున్నారు, తర్వాత ఆమె సర్టిఫికెట్లు అడిగారు. బీకాం చదివిన మనిషి ఎంబీఏ వాళ్లకి పాఠం చెప్పడం కాగితం మీద కుదరదన్నారు. గంగాధరరావు ఇబ్బందిపడుతూనే చెప్పాడు.

"క్లాసు మీరే చెప్పండమ్మా. కాకపోతే రిజిస్టర్లో వేరే లెక్చరరు పేరుంటుంది, మీరు గెస్టు. అంతకంటే నేనేమీ చెయ్యలేను."

"సమజయింది సార్," అంది తిరుపతమ్మ. మనసులో మాత్రం ముల్లు గుచ్చుకుంది. ఇంటికెళ్లి లింగస్వామికి అన్నం వడ్డిస్తూ అంది: "మీద ఇంకొకరి పేరు, లోపల నా మాటలా? ఏం మంచిగ లేదు."

"మరి సదువు ఎంబీఏ," అన్నాడు లింగస్వామి తింటూనే.

"నలభై ఏడేండ్లకా?"

"నలభై తొమ్మిదికి అయిపోతది గద."

దూరవిద్యలో చేరింది. పొద్దున షోరూముకి పోయేముందు గంటన్నర పుస్తకం. ఫైనాన్సంటే భయపడింది, పాసయింది. మార్కెటింగు పాసయింది. 2024 మార్చిలో మొదటి సెమిస్టరు ఫలితాలొచ్చాయి. ఒకే ఒక్క సబ్జెక్టు పోయింది. ఆఫీసుల్లో, కంపెనీల్లో మనుషులు ఎలా నడుచుకుంటారు, వాళ్లని ఎలా నడిపించుకోవాలి అని చెప్పే సబ్జెక్టది. నలభై రావాలి, ముప్ఫై ఒకటి వచ్చాయి.

అంటే, బుధవారం మేడం బుధవారం చెప్పే పాఠంలోనే తప్పింది.

ఆమెకి పిల్లలకు చెప్పబుద్ధి కాలేదు. ఒక వారం చెప్పలేదు కూడా. షోరూములో ఊరికే విసుక్కుంది, బిల్లు మీద తప్పు తేదీ వేసింది. రెండో బుధవారం క్లాసులోకి వెళ్లి కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పేసింది.

"పరీక్ష ఫెయిలయిన. గీ సబ్జెక్టే. పోయిన వారమే చెప్పాల్సింది, శరమయి చెప్పలే."

ఎవరో నవ్వాపుకోబోయారు, ఆగలేదు. ఆ నవ్వు చూసి తిరుపతమ్మకే ముందు నవ్వొచ్చింది, తర్వాత అందరికీ వచ్చింది. నవ్వులయ్యాక జ్యోతిక అడిగింది: "మీరేం రాసిండ్రో గుర్తున్నదా మేడం?"

గుర్తుంది. మనిషికి పని మీద ఉత్సాహం ఎలా కలుగుతుందో సిద్ధాంతాలతో వివరించమని పదిహేను మార్కుల ప్రశ్న. ఆమె నాలుగు లైన్లు రాసింది. 'ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. ఒకామెకి జీతం, ఒకామెకి టైము, ఒకామెకి పదిమందిలో మెచ్చుకోలు. ఏదో తెలియాలంటే ఆమెనే అడగాలి. ఆర్నెల్లకోసారి మళ్లీ అడగాలి, ఎందుకంటే మారుతుంది.'

"అంత నిజమే మేడం," అంది జ్యోతిక. "గని పేపరు దిద్దేటోళ్లకు మీరెవరో తెల్వదు గద. ఈ మాట ఫస్టు ఎవరు చెప్పిండ్రో పేరు రాయాలె. బొమ్మ గియ్యాలె. హెడ్డింగ్ కింద గీత గొట్టాలె."

"మరి ఆమెనే అడగాలన్నది ఎక్కడ రాయాలె?"

"చివర్ల మేడం. 'ఉదాహరణ' అని పెట్టి."

సప్లిమెంటరీ దాకా ప్రతి ఆదివారం పొద్దున్నే జ్యోతిక, శ్రీకర్ ఆమె ఇంటికొచ్చారు. కొత్తపేట రైతు బజారు వెనక సందులో, రెండు గదుల ఇంట్లో, లింగస్వామి ఇడ్లీలు తెచ్చిపెడుతుంటే, పిల్లలు మేడంకి పాఠం చెప్పారు. జ్యోతిక ఓపికగా చెప్పేది. శ్రీకర్ మహా కఠినం. టైము పెట్టి పరీక్ష రాయించేవాడు. ఒకసారి ఆమె 'మిగిలిన రెండు చాప్టర్లు చూద్దాంలే' అంటే లేచి నిలబడమన్నాడు.

"మా ఇంట్ల నన్నే నిలబెడతావురా?"

"ఎప్పటికి చేస్తారో చెప్పి కూర్చోండి మేడం."

"బుధవారానికి," అని చెప్పి కూర్చుంది. లింగస్వామి వంటింట్లో నవ్వలేక చచ్చాడు.

సప్లిమెంటరీలో యాభై ఎనిమిది వచ్చాయి. ఈసారి సిద్ధాంతాలు చెప్పిన పెద్దమనుషుల పేర్లన్నీ రాసి, మెట్ల బొమ్మ గీసి, గీతలు కొట్టి, చివర 'ఉదాహరణ' కింద తన నాలుగు లైన్లూ అక్షరం మార్చకుండా రాసింది.

ఆ జూన్‌లో ఆ బ్యాచి వెళ్లిపోయింది. శ్రీకర్‌కి ఒక పెద్ద ఆస్పత్రిలో పేషెంట్ల ఫిర్యాదులు చూసే విభాగంలో ఉద్యోగమొచ్చింది. ఇంటర్వ్యూలో నువ్వు చేసిన పెద్ద తప్పేమిటని అడిగితే చేప సంగతి చెప్పాడట. అడిగినాయన నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడట. జ్యోతిక పెద్ద అంబర్‌పేట్ దగ్గరే, ఔటర్ రింగు రోడ్డు పక్కన ఉన్న ఒక గోదాములో చేరింది.

తిరుపతమ్మ ఎంబీఏ 2025లో పూర్తయింది. షోరూము వదలడానికి ఆమెకి నెల రోజులు పట్టింది. ఓనరు బతిమాలాడు, జీతం పెంచుతానన్నాడు. ఆఖరుకి ఆమెనే అడిగాడు, నీ సీట్లో ఎవరిని పెట్టమంటావని. ఆమె చెప్పిన పేరు గ్రౌండ్ ఫ్లోర్ ఇన్‌ఛార్జిది. చివరి రోజున సేల్స్ గర్ల్స్ అందరూ కలిసి ఆమెకి ఒక గద్వాల చీర పెట్టారు. అది ఏ వరసలో, ఎన్నో అరలో ఉండేదో ఆమెకి తెలుసు. అయినా విప్పి చూసుకుని ఏడ్చింది.

జులైలో రిజిస్టర్లో ఆమె పేరెక్కింది. ఇప్పుడు వారానికి అయిదు రోజులూ కాలేజీయే. అయినా పిల్లలు బుధవారం మేడమనే పిలుస్తున్నారు. ఎందుకలా పిలుస్తారో కొత్త బ్యాచికి తెలియదు.

మొన్న ఆగస్టులో, మధ్యాహ్నం క్లాసుకి వెళ్తుండగా జ్యోతిక ఫోను చేసింది. గోదాములో ఆమెని షిఫ్టు ఇన్‌ఛార్జిని చేశారు. కింద ముప్ఫైమంది, సగంమంది ఆమెకంటే వయసులో పెద్దవాళ్లు. గొంతులో సంతోషమూ ఉంది, పరేషానూ ఉంది.

"ఏం చెయ్యాలె మేడం? ఎక్కడికెల్లి మొదలువెట్టాలె?"

"ముప్పైమంది పేర్లు ఒచ్చా?"

జ్యోతిక లెక్కపెట్టుకుంది. "పంతొమ్మిది ఒస్తయి."

"మిగిలిన పదకొండు నేర్చుకో. ఎప్పటికి?"

"రేపు సాయంత్రానికి."

"గప్పుడు ఫోన్ జెయ్యి. మాట్లాడుకుందాం," అని తిరుపతమ్మ ఫోను బ్యాగులో వేసుకుని క్లాసులోకి వెళ్లింది.